పదకొండో గడి

ఆ ఏడు గడ్డి తలెత్తకముందే అమ్మ పోయింది. ఇంకో పది రోజులు ఆగి ఉంటే ఆవుల్ని కొట్టంలోంచి బయటికి వదిలే రోజు చూసుకుని పోయేది. చలికాలమంతా లోపల నిలబడి విసిగిపోయిన ఆవులు ఆ రోజు తోకలెత్తుకుని ఒళ్ళు తెలియకుండా గెంతుతాయి. వాటిని చూసి అమ్మ చప్పట్లు కొట్టేది. ఆ ఏడు తలుపు నేను తీశాను. ఆవులు గెంతాయి. నేను తలుపు వేసేసి పాల క్యాన్లు కడుక్కోవడానికి వెళ్ళిపోయాను.

ఏడుపు వస్తుందేమోనని ఎదురు చూశాను, రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా "ఏడ్చెయ్యమ్మా, తేలికవుతుంది" అని సలహా ఇచ్చి వెళ్ళారు. అదేదో నా చేతిలో పనైనట్టు! నేను పొద్దున్నే లేచి పద్దెనిమిది ఆవులకీ పాలు పితికేదాన్ని, తీగ జరిపేదాన్ని, సాయంత్రం మళ్ళీ పితికేదాన్ని. మధ్యలో ఏం చేసేదాన్నో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

మా పొలంలో పండేది గడ్డి ఒక్కటే. దాన్ని మేం కొయ్యం, ఆవులే కోసుకుంటాయి. దాణా కొనం, ఎరువు కొనం, మందు కొట్టం. ఉన్న నేలని అమ్మ కరెంటు తీగతో ఇరవై నాలుగు ముక్కలు చేసి వాటికి గడులు అని పేరు పెట్టింది. రోజుకో గడి. ఇవాళ మేసిన గడికి ఆవులు మళ్ళీ రావాలంటే ఇరవై నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా గడ్డి తన మానాన తను పెరుగుతుంది, ఆవులు వేసిన పేడే దానికి తిండి. చెప్పడానికి ఇంతే. చేసేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. రోజూ తీగ చుట్టాలి, కర్రలు పీకాలి, కొత్త చోట పాతాలి, నీళ్ళ తొట్టి ఈడ్చుకెళ్ళాలి, బ్యాటరీ పనిచేస్తోందో లేదో తీగకి గడ్డిపరక ఆనించి చూసుకోవాలి. ఆ పరక ఆనించినప్పుడు వేళ్ళకి తగిలే చిన్న జివ్వుమనే దెబ్బ ఒక్కటే ఆ రోజుల్లో నాకు తెలిసేది.

నాన్నకి ఈ పద్ధతి మొదట్నుంచీ గిట్టదు. "నేలకి తిండి పెట్టకుండా చాకిరీ చేయించుకుంటారా?" అని ఆయన వాదన. అమ్మ పంతం పట్టి ఏడేళ్ళ కిందట సేంద్రియంలోకి మార్చింది. అప్పట్నుంచీ మా పాలు సీసాల కంపెనీవాళ్ళు పట్టుకెళ్తారు. సీసా మీద ఆవు బొమ్మ, కింద గడ్డి బొమ్మ. ఏడాదికోసారి తనిఖీ జరుగుతుంది. అందులో తప్పామంటే కంపెనీ బండి మళ్ళీ మా గుమ్మం తొక్కదు. గడ్డి మాత్రమే తినే ఆవులు ఇచ్చే కాసిని పాలు మామూలు పాలకేంద్రంలో పోస్తే మేం బతకలేం. సంగతి అంత సూటిగా ఉంటుంది.

అమ్మ పోయాక నాన్న వాదించడం మానేశాడు. వాదించడానికి మనిషి లేదు మరి. వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పొలంకేసి చూస్తూ కూర్చునేవాడు. ఎవరు పలకరించినా ఒకటే మాట. "నాదేముంది, ఇవాళో రేపో."

పాల బండి తోలే అతన్ని మేం హారన్ అంటాం. మలుపు తిరక్కముందే మొదలుపెట్టి మా గేటు దాకా మోగిస్తూనే వస్తాడు. అతనితోనూ నాన్న ఇదే అన్నాడు.

"రేపు మాత్రం వద్దు పెద్దాయనా, రేపు నాకు సెలవు," అన్నాడు హారన్ క్యాన్లు ఎత్తుతూ.

నాన్న నవ్వలేదు. నేనూ నవ్వలేదు. హారన్ నాకేసి చూసి, "ఏం చెల్లెమ్మా, ఈ ఇంట్లో నవ్వడానికి కూడా తనిఖీవాళ్ళ అనుమతి కావాలా?" అని బండెక్కాడు.

ఆ వేసవి వాన మొహం చాటేసింది. గడ్డి ఎదగడం నెమ్మదిస్తే ఆవుల్ని తిప్పడం కూడా నెమ్మదించాలి. అంటే ఉన్న గడినే రెండుగా చీల్చి, ఒక రోజు మేతని రెండు రోజులకి సర్దాలి. ఆవులు ఆకలికి అరిచినా కరగకూడదు. తొందరపడి ఎదగని గడిలోకి వదిలితే గడ్డి వేళ్ళతో సహా పోతుంది, ఆ పైన ఏడాదంతా ఏడ్చినా రాదు. ఇదంతా అమ్మ నాకు నేర్పింది. పక్కనుండి ఆవుల అరుపు వినడం ఎలాగో మాత్రం నేర్పలేదు.

అన్నిటికన్నా ముందు నడిచే ఆవుని మేం మేస్త్రమ్మ అంటాం. అది తీగ దగ్గర నిలబడి నన్ను చూసి అరిచేది. తక్కినవన్నీ దాని వెనక పాట అందుకునేవి. పాలు సగానికి పడిపోయాయి. హారన్ క్యాను మూత తీసి లోపలికి తొంగి చూసి, ఏదో అనబోయి, ఊరుకుని మూత పెట్టేశాడు. హారన్ ఊరుకున్నాడంటేనే నాకు పరిస్థితి అర్థమైంది.

నాకు ముద్ద దిగేది కాదు. నాన్నకీ నాకూ మధ్య ఆ రెండు వారాల్లో నడిచిన సంభాషణంతా కలిపితే ఇంతే.

"ఆవులు అరుస్తున్నాయి."

"వినిపిస్తోంది."

"నువ్వు తినట్లేదు."

"ఆకలి లేదు."

"ఊఁ."

తనిఖీకి ఇరవై రోజులుందనగా, ఒకనాటి పొద్దున ఆకాశం ముసురుకుంది. నేను పైగడుల్లో నీళ్ళ గొట్టం పగిలితే బాగుచేసుకుంటూ ఉండిపోయాను. ఇంటికొచ్చేసరికి నాన్న కుర్చీలో లేడు. బావి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంటున్నాడు. ఎక్కడికెళ్ళావని అడగలేదు నేను. ఇన్నాళ్ళకి కాస్త కదిలాడు, పోనీలే అనుకున్నాను. మధ్యాహ్నం ఒక గంట సేపు వాన పడింది. ఆ వేసవికంతా అదే వాన. నాన్న కిటికీ దగ్గర నిలబడి చూశాడు. కూర్చోలేదు, నిలబడే చూశాడు.

ఆ తర్వాత తొమ్మిదో రోజున ఆవుల్ని పదకొండో గడిలోకి వదలాలి. వాగు పక్కన ఉన్న గడి అది. అన్నిట్లోకీ పెద్దది, ఎంత ఎండకైనా తట్టుకునేది. దాన్ని నమ్ముకునే అమ్మ పద్దెనిమిది ఆవులు పెట్టింది. ముందురోజు సాయంత్రం గడ్డి ఎత్తు చూసుకుందామని వెళ్ళాను. చుట్టూ అన్నీ వెలిసిపోయి ఉంటే అదొక్కటీ నల్లగా కనిపించేంత పచ్చగా ఉంది.

పేడ పడ్డ చోట గడ్డి గుండ్రంగా పచ్చబడుతుంది. ఈ పచ్చదనం అలా లేదు. చారలు చారలుగా ఉంది. చేత్తో ఎరువు చల్లితే విసిరినప్పుడల్లా కొడవలి వంపులా పడుతుంది, రెండు విసుర్లకి మధ్య సన్నగా ఖాళీ మిగులుతుంది. నాన్న కుడికాలు ఈడుస్తాడు. ఒక అడుగు పొడుగు, ఒక అడుగు పొట్టి. ఆ చారలూ అలాగే ఉన్నాయి, ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. ఆయన ఎక్కడ మొదలుపెట్టాడో, ఎక్కడ ఆయాసమొచ్చి ఆగాడో, మళ్ళీ ఎక్కడ అందుకున్నాడో అంతా గడ్డిలో కనిపిస్తోంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి.

సామాన్ల కొట్టుకెళ్ళి వెతికాను. పాత గోనెల అడుగున యూరియా సంచి దొరికింది. ఖాళీది, నాలుగు మడతలు పెట్టి ఉంది. సేంద్రియంలోకి మారినప్పుడు ఉన్నదంతా ఇచ్చెయ్యమని అమ్మ నెత్తీ నోరూ బాదుకుంటే, నాన్న ఇది దాచుకున్నాడన్నమాట. ఏడేళ్ళు దాచుకున్నాడు.

బక్కెట్ బోర్లించుకుని దాని మీద కూర్చున్నాను. కోపం రావాలి. రాలేదు. నా కోసం చేశాడు కదా అని జాలైనా రావాలి. అదీ రాలేదు. పితికే వేళ అయిందని మాత్రం తెలుస్తోంది. లేచి వెళ్ళి పితికాను.

మర్నాడు తీగ చుట్టుకుని పదకొండు దాటించి పన్నెండో గడిలో పాతాను.

ఆవులు ఊరుకుంటాయా? పన్నెండులో బెత్తెడు గడ్డి లేదు. పక్కనే తీగకి అవతల మోకాలెత్తు పచ్చిక. మేస్త్రమ్మ తీగ దగ్గరికి వెళ్ళి నిలబడి ముక్కు చాచేది. నేను అదిలించేదాన్ని. అది రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ వచ్చేది. తీగలో కరెంటు ఆగితే నా కొంప మునిగినట్టే. ఒక్క ఆవు ఒక్క నోరు పెట్టినా చాలు, మంద మొత్తం సేంద్రియం కాకుండా పోతుంది, అమ్మ ఏడేళ్ళ కష్టం మట్టిగొట్టుకుపోతుంది. పూటకి నాలుగుసార్లు వెళ్ళి గడ్డిపరక ఆనించి చూసుకునేదాన్ని. తర్వాతి గడుల్లోకి మార్చినా, రోజూ పాలకి తోలుకొచ్చే దారి పదకొండో గడి పక్కనుంచే.

రెండో రోజు భోజనాల దగ్గర నాన్న నోరు విప్పాడు.

"ఎన్నో గడిలో ఉన్నాయి ఆవులు?"

"పన్నెండు."

"పదకొండు ఎప్పుడు మేపావ్?"

"మేపలేదు."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఏమైనా అంటాడేమోనని చూశాను. కంచం తీసుకుని లేచి, తనే కడిగి, బోర్లించి, కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు. నాకు నాలుక చివరిదాకా వచ్చింది. నాన్నా, నువ్వేం చేశావో నాకు తెలుసు, ఎందుకు చేశావో కూడా తెలుసు. రెండు ముక్కలు. అవి అనలేకపోయాను. అమ్మ ఉన్నప్పుడు మా ఇద్దరి మాటలూ ఆవిడ మీదుగానే నడిచేవి. ఇటువి అటు, అటువి ఇటు మోసేది. ఆ మోసే మనిషి లేకపోయేసరికి ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి.

రూలు ప్రకారమైతే తప్పు జరిగిన రోజే తనిఖీవాళ్ళకి ఫోన్ చేసి చెప్పాలి. ఫోన్ దాకా వెళ్ళాను కూడా. ఏమని చెప్పను? మా నాన్న చేశాడనా? చెబితే నమ్ముతారా, ఆవులు మెయ్యలేదంటే నమ్ముతారా? ఏడేళ్ళు సంచి దాచినవాళ్ళు ఇంకేం దాచారోనని మొత్తం సేంద్రియం చీటీయే చింపేస్తే? అబద్ధమే చెప్పాలని తీర్మానించుకున్నాను. తీర్మానించుకున్నాక నిద్ర బాగానే పట్టింది. అదీ నా పరిస్థితి.

తనిఖీ ఆవిడ వచ్చింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో అట్ట, అట్టకి దారంతో కట్టిన పెన్ను. ఏటా వచ్చే మనిషే. వస్తూనే నా రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మగారు ఎదురొస్తారని అలవాటైపోయిందండీ," అంది. నేను తలూపి కొట్టంలోకి తీసుకెళ్ళాను. పాల గది చూసింది, మందుల అలమర చూసింది, ఆవుల చెవుల బిళ్ళలు చూసింది. తర్వాత గడులు నడవడం మొదలుపెట్టాం. పదకొండో గడి దగ్గర ఆవిడ ఆగింది.

"ఇదేంటండీ, ఇంత పచ్చగా ఉంది?"

"కింద ఊట ఉందండీ," అన్నాను.

"పోయినేడు కనపడలేదే?"

"వాగు పక్కనే కదండీ. ఈ ఏడు అటు గట్టు తెగింది. నీళ్ళు లోపలికి ఊరుతున్నాయి."

"మరి ఇంత మేత పెట్టుకుని ఆవుల్ని ఆ బోడి గడుల్లో తిప్పుతున్నారేంటి?"

"చివరికి పనికొస్తుందని దాచానండీ."

ఆవిడ రాసుకుంటోంది. అబద్ధం అంత సాఫీగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. గుండె కూడా దడదడలాడలేదు. కర్ర చప్పుడైతే వెనక్కి తిరిగాను. నాన్న. ఇంటి దగ్గర్నుంచి అంత దూరం కాలీడ్చుకుంటూ వచ్చి, ఆయాసపడుతూ నిలబడ్డాడు.

"ఊటా లేదు, పాడూ లేదు," అన్నాడు. "నేను యూరియా చల్లాను. అర సంచి. అందుకే ఇది ఆవుల్ని అందులోకి వదల్లేదు."

"నాన్నా, నువ్వు ఇంట్లోకి పద."

"వెళ్ళను. నువ్వూరుకో." ఆవిడ వైపు తిరిగాడు. "దీనికి అబద్ధాలు అలవాటు లేదమ్మా. చెవులు చూడు, ఎలా ఎర్రబడ్డాయో. నా మొహం చూసి చెప్తోంది. కొట్టెయ్యి అది, ఊట గీట అని రాసిందంతా కొట్టెయ్యి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని రోజులు ఎవరి కోసమని కాపలా కాశాను? ఎవరి పేరు కాగితం మీదకి ఎక్కకూడదని ఇంత అబద్ధం ఆడాను? తీరా గట్టెక్కాక వచ్చి నిండా ముంచాడు పెద్దమనిషి!

ఆవిడ పెన్ను ఆపి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఒక్క ఆవైనా మేసిందా ఇందులో?"

"లేదండీ," అన్నాను.

"ఇందాక ఊట అన్నారు. ఇప్పుడు లేదంటున్నారు. నేనెలా నమ్మనండీ?"

నాన్న అందుకున్నాడు.

"నేను చూశానమ్మా. పదకొండు రోజుల్నుంచీ ఆ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పెద్దావు వచ్చి నిలబడేది, ఇది అదిలించేది. అది మళ్ళీ వచ్చేది, ఇది మళ్ళీ అదిలించేది. ఒక్కటీ ఇటు దాటలేదు."

"అన్ని రోజులు ఎందుకు చూశారు?"

నాన్న కర్ర మీదకి వంగాడు. "మొదట కోపంతో చూశాను. నేను చల్లానని పంతానికి మేపట్లేదనుకున్నాను. తర్వాత అర్థమైంది. అయినా చూడ్డం మానలేకపోయాను."

ఆవిడ గడిలోకి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి చేత్తో విడదీసి చూసింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా నడిచింది. పరకల కొసలు తెగి లేవు. కొత్త పేడ ఒక్కచోటా లేదు. బయటికొచ్చి, రాసిన వాక్యాల మీద అడ్డంగా గీత కొట్టింది. సంచిలోంచి గొట్టం తీసి మట్టి నమూనా తీసుకుంది.

"పచ్చదనం చూడగానే ఈ మట్టి పరీక్షకి పంపాలనుకున్నానండీ," అంది నాతో, మెల్లిగా. "మీరు ఊట అన్న మాట మీదే నిలబడి ఉంటే, పరీక్షలో బయటపడ్డాక మొత్తం పోయేది."

నాన్న వినలేదు, లేదా విననట్టు ఊరుకున్నాడు.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. మంద నిలిచింది. పదకొండో గడి మాత్రం మూడేళ్ళు వెలి. ఆవు నోరు పెట్టకూడదు, కోసి వెయ్యకూడదు, చుట్టూ శాశ్వతంగా కంచె వెయ్యాలి. ఆ గడి లేకుండా పద్దెనిమిది ఆవుల్ని మేపడం జరగని పని. నాలుగు అమ్మాలి. మేస్త్రమ్మకి వయసు మీద పడింది, అందరూ అదే అన్నారు, నేనూ అన్నాను. ఆవుల్ని తీసుకెళ్ళే బండివాడు చెక్క వాల్చగానే అది మామూలుగానే అందరికన్నా ముందు ఎక్కింది. మిగతా మూడూ దాని వెనక ఎక్కాయి. నాకేమీ అనిపించలేదు. చెక్క ఎత్తి గొళ్ళెం పెట్టడంలో సాయం కూడా చేశాను.

ఆ మధ్యాహ్నమే కంచె పని పెట్టుకున్నాను. నాన్న తనూ వస్తానన్నాడు. వద్దంటే వింటేగా! నేను గుంజకి సుత్తి దెబ్బ వేస్తుంటే, ఆయన ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గుంజ పట్టుకుని నిలబడ్డాడు. చారలు చారలుగా గడ్డి నడుం దాకా పెరిగి, వెన్నుతీసి, గాలికి అటూ ఇటూ ఊగుతోంది. మేసే నోరు లేదు దానికి.

నాలుగో గుంజ దగ్గర నాన్న అడిగాడు.

"ఎన్నాళ్ళన్నారూ?"

"మూడేళ్ళు."

"మూడేళ్ళే!" వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాడు. "అంటే నాకు ఎనభై ఒకటి."

"ఊఁ."

"అప్పటిదాకా ఉండాలంటావా?"

ఆఫీసులో క్యూ ఇంకా చాలా ఉందని చెప్తే విసుక్కునే మనిషిలా అడిగాడు. నేను సుత్తి కింద పెట్టాను.

"ఉండాలి," అన్నాను. "చల్లింది నువ్వు. ఉండి ఈ గడి నువ్వే తెరువు. నా నెత్తిన పెట్టేసి ఇవాళో రేపో పోతానంటే కుదరదు నాన్నా."

"మీ అమ్మ పెట్టేసి పోయిందిగా."

"కుదరదని అమ్మతో చెప్పేలోపలే పోయింది."

అంతవరకూ బాగానే అన్నాను. గుంజ పట్టుకుని అక్కడే, ఆ ఎండలో, పెద్దగా ఏడ్చాను. ముక్కు కారుతున్నా తుడుచుకోలేదు. నాన్న గుంజ వదల్లేదు. నేను పట్టుకున్న చోటికి జానెడు కింద తనూ పట్టుకుని, నా ఏడుపు ఆగేదాకా అలాగే నిలబడ్డాడు.

"సరే," అన్నాడు. "ఉంటాలే."